పిలవొద్దన్న మాట

సుజాతా,

ఆఖరి రోజు బందరు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "పిల్లని పిలవకండి, రేపు దానికి ఈత పరీక్ష" అన్నావు. అది తప్పితే నేవీ ఆఫీసరు శిక్షణలో వెనక బ్యాచ్‌లో వేస్తారని నీకు తెలుసు. ఆ సాయంత్రమే వెళ్ళిపోయావు. నేను కబురు పంపలేదు. మన వాణి పరీక్ష నెగ్గింది. తరవాత సంగతి తెలిసి నాతో మాట్లాడటం మానేసింది. వద్దన్నది నువ్వని చెప్పలేదు. ఆ కోపం నా మీదే ఉండనిచ్చాను.

శిక్షణ ముగింపు పరేడ్‌కి రమ్మని అకాడమీ కార్డు వస్తే, గుడివాడలో రైలెక్కి ఇవాళ ఇక్కడికి చేరాను. వాణి గేటు దగ్గరికి తెల్లటి యూనిఫారంలో వచ్చి, "పిలవొద్దన్నది అమ్మే కదూ? మీ అంతట మీరే దాచడానికి మీకంత గుండె ఎక్కడిది నాన్నా!" అంది. నిజమేనన్నాను.

పరేడ్ అయ్యాక భుజాల పట్టీలు అమ్మానాన్నలు చెరొకటి తొడగాలట. రేపు పొద్దున రెండూ నేనే తొడుగుతాను.