కౌసల్య గొంతు

ప్రియమైన అమ్మకు,

ఫ్లారెన్స్ వందనాలు. దేవుని దయవల్ల నేను బాగున్నాను. కుప్పంలో నువ్వు, చెల్లెలు రెజీనా, పిల్లలు అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతులు కావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. పైన ఊరి పేరు వేయలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు నువ్వడిగినవి. మోకాలినొప్పి తగ్గింది, నువ్వు చెప్పిన కాపడమే పనిచేసింది. చర్చికి వెళుతున్నాను, ప్రతి ఆదివారం అని మాత్రం అబద్ధం చెప్పను.

ఇక పెద్ద అక్షరాలతో రాశావే, ఆ ప్రశ్న: "ఏందిమే, సీరియల్ యాల నిలబెట్టేసినారు? ఆ బిడ్డకు ఒళ్ళు బాగలేదని టీవీలో సెప్పినారు, నిజమేనా?"

కాదమ్మా. కౌసల్య గుండ్రాయిలా ఉంది.

ఆమెది పుంగనూరు. తండ్రి అంజినప్ప మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు మోస్తాడు. కాలేజీ నాటకంలో చూసి తీసుకొచ్చి నా సీరియల్‌కు కథానాయికను చేశాను. మన యాసలోనే మాట్లాడనిచ్చాను. జనం మెచ్చారు, నువ్వూ మెచ్చావు. ఈ ఏడు ఛానెల్‌కు కొత్త అధికారి వచ్చాడు. మా ఇద్దరినీ పిలిపించి, "ఈ యాస పనిమనిషి పాత్రకు పెట్టండి మేడం, నవ్వు పుడుతుంది. హీరోయిన్‌కు వద్దు. రేపటి నుంచి వేరే అమ్మాయితో డబ్బింగ్ చెప్పించండి" అన్నాడు.

కౌసల్య తల దించుకోలేదు. "సార్, నేను ఏడ్సేది గూడా ఇంగొకరి గొంతులోనేనా?" అని అడిగింది.

అతను నవ్వేసి ఫోన్ చూసుకున్నాడు.

ఆ సీరియల్ మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. అందుకే పళ్ళు బిగబట్టి డబ్బింగ్ థియేటర్‌కు వెళ్ళాను. తల్లి శవం దగ్గర కౌసల్య ఏడ్చే సన్నివేశం తెర మీద వేశారు. ఆ పిల్ల పెదాలు "మా, నన్నిడిసి యాడికి పోతివిమా" అంటున్నాయి. మైకు ముందున్న అమ్మాయి, పాపం పనిమంతురాలే, "అమ్మా, నన్ను వదిలి ఎక్కడికి వెళ్ళిపోయావు" అని చెప్పింది. మదనపల్లె మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని నేను. నువ్వు డ్యూటీలో ఉంటే వార్డు బయట కూర్చుని ఎన్ని ఏడుపులు విన్నానో. ఒక్కటీ అలా లేదు.

"ఆపండి" అన్నాను.

కౌసల్య గొంతుతోనే ఎపిసోడ్ పంపాను. వాళ్ళు వేయలేదు. సీరియలే తీసేశారు. ఒళ్ళు బాగలేదన్న కథ వాళ్ళు అల్లిందే. యూనిట్ వాళ్ళకు తలా ఒక చోట పని చూపించి, అంజినప్పకు నేనే చెబుదామని పుంగనూరు వెళ్ళాను.

అంతా విని ఆయన ఒకటే అడిగాడు. "మా బిడ్డ తప్పు సేసిందామ్మా?"

"లేదప్పా."

"నువ్వు సేసినావా?"

"లేదు."

"అట్లయితే యాల అట్ల తల వంచుకోని నిలబడుండావు? కూసో."

లోపల్నుంచి కౌసల్య కాఫీ తెస్తూ, "మేడం, కథ యాడ నిల్సిందో ఆడ్నించే తీద్దాం. కథ మీదే గదా, వాళ్ళది కాదే?" అంది. నిజమే. కథ హక్కులు నా దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. నేను హైదరాబాదులో లేనమ్మా. ఈ పుంగనూరులోనే అంజినప్ప వీధిలో అద్దె ఇంట్లో దిగాను. పలమనేరు మీదుగా బస్సెక్కితే మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను. అయినా రాలేదు, చెప్పలేదు. నీ మొహం చూస్తే ఆగిపోతానని భయం. కెమెరా గోపాలస్వామి ఒక్కడే నాతో వచ్చాడు. ఎపిసోడ్లు యూట్యూబ్‌లో పెట్టబోతున్నాం. ఛానెల్‌కు జడిసి హైదరాబాదు నటులెవరూ రాలేదు. అత్త పాత్రకు మనిషి దొరకలేదు.

నేనే వేశాను.

ఈ రంగంలోకి వచ్చేటప్పుడు బైబిలు మీద నా చెయ్యి పెట్టించి, "కెమెరా ఎనకాల ఏమన్నా సెయ్. ముందర మాత్రం నిలబడొద్దు" అన్నావు. ఆ మాట దాటాను. దాటినందుకు నాకు బాధ లేదమ్మా. హైదరాబాదులో ఇన్నేళ్ళుగా మీటింగుల్లో, ఫోన్లలో నాది కాని తెలుగు మాట్లాడాను. మొదటి షాట్‌లో "ఏమే, ఈడికి రా, నిన్నే!" అని అరిచాను. కౌసల్య డైలాగు మరిచిపోయి, "మేడం, ఇన్నాళ్ళూ యాడ దాసిపెట్టినావు దీన్ని?" అని నవ్వింది.

నిన్న ఆ అధికారి ఫోన్ చేశాడు. యూట్యూబ్ పని మానేస్తే సాయంత్రం స్లాట్‌లో కొత్త సీరియల్ ఇస్తాడట. "మీ సాయంత్రాలు మీరే ఉంచుకోండి సార్, మాకు షాట్ టైమయింది" అని పెట్టేశాను.

శనివారం పొద్దున మొదటి ఎపిసోడ్ వస్తుంది, రెజీనా చూపిస్తుంది. నా కోసం చర్చిలో పాస్టరు పేతురు అయ్యగారితో ప్రత్యేక ప్రార్థన మాత్రం పెట్టించొద్దు. మాట తప్పినందుకు నన్ను తిట్టాలని ఉంటుంది నీకు. కాస్త ఓపిక పట్టు. వచ్చే నెల నేను కోడలిని ఇంట్లోంచి గెంటేస్తాను, ఊళ్ళో అందరూ నన్ను తిడతారు. వాళ్ళతో కలిసి గట్టిగా తిడుదువుగాని.

ఇట్లు,
మొహానికి రంగేసుకున్న నీ పెద్ద కూతురు,
ఫ్లారెన్స్