ఫోన్‌లో చేసిన మక్క సాగు

షార్జా

చిరంజీవి తమ్ముడు నరేశ్‌ను మనసారా దీవిస్తూ సాయిలు అన్న రాసేది. నేను ఇక్కడ మంచిగున్న. అవ్వ, నువ్వు, మరదలు బాగున్నరనుకుంటున్న. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నువ్వు ఫోన్ ఎత్తుతలేవు, అందుకే కాయితం పట్టుకున్న. లింగంపేటకు వచ్చే దోస్తు చేతికి ఇచ్చి పంపుతున్న.

ఇక్కడ ఎండ సంగతి చెప్పేదేముంది, పొద్దుగాల నల్లా తిప్పినా వేడినీళ్లే. తిండికి ఢోకా లేదు గానీ, అవ్వ చేసే మక్క గట్క యాదికొస్తది. నా గురించి రంది పెట్టుకోకండి.

కంపెనీల నన్ను పండ్లరసం సీసాలు నింపే మిషన్ మీద వేసిండ్రు. నడుమనడుమ కొన్ని సీసాలు తూకం వేసి, గోడమీది కాయితంల ఆ తూకం ఎంతుంటే అంత ఎత్తుల చుక్క పెట్టాలె. దాంట్ల పైన ఒక హద్దు గీత, కింద ఒకటి. మొదటి రోజు నేను చుక్క కొంచెం పైకి పోతే రసం తక్కువ పడేటట్టు మర బిగించిన, కిందికి పోతే వదులు చేసిన. మస్తు పని చేస్తున్ననని మురిసిన. మధ్యాహ్నానికి చుక్కలు గీతలే దాటబట్టినయి. మా తమిళ సార్ వచ్చి చూసిండు.

"మిషన్‌కు ఏ రోగం లేదు భాయ్. కొంచెం అటిటు ఊగుడు దాని గుణం. నువ్వు ముట్టుకునే పాడు చేసినవ్. చుక్క గీత దాటితేనో, వరుసగ ఒకే దిక్కు పోతుంటేనో ఆపి చూడు. లేకుంటే చేతులు కట్టుకొని నిలబడు" అన్నడు హిందీల.

నాకు మన చేనే కండ్ల ముందుకొచ్చింది. బాపు పోయినంక సాగు చేసేది నువ్వు, ఫోన్‌ల వీడియో చూసి పెత్తనం చేసేది నేను. ఒక ఆకు వాడినట్టు కనబడితే నీళ్లు పెట్టమని చెప్పిన. తెల్లారి తడి ఎక్కువైంది, మోటరు బంద్ చెయ్యమని చెప్పిన. యూరియా వెయ్యమన్నది నేనే, ఎందుకేసినవని తిట్టింది నేనే. "అన్నా, చేను మంచిగనే ఉంది, నాకు ఇడిసిపెట్టరాదే" అని నువ్వు బతిమాలితే, నీకేం తెలుసురా అని నోరు మూయించిన. కంకులు సన్నగ వచ్చినయి. అవ్వ ముందు, మరదలి ముందు మళ్ల నిన్నే తిట్టిన. తలుచుకుంటే సిగ్గయితుంది తమ్ముడా.

ఎల్లారెడ్డి టౌన్ల ఉండే గల్ఫ్ ఏజెంటుకు నువ్వు పాస్‌పోర్టు ఇచ్చినవని అవ్వ చెప్పింది. గల్ఫ్ మీద ఆశతోని కాదు, నా మాటలు పడలేక ఇల్లు ఇడిసి పోతున్నవ్. నేను లేకున్నా చేను నడుస్తది. నువ్వు లేకుంటే నడవది.

అవ్వ కాళ్లకు నా బదులు మొక్కి, నాకు దీవెన అడుగు. పెద్దమ్మకు, పెద్దబాపుకు దండాలు చెప్పు.

పైన కొట్టేసి ఉన్నది చూసి ఏందో అనుకునేవ్. పాస్‌పోర్టు వాపస్ తెచ్చుకో అని రాసి, నేనే కొట్టేసిన. పోవుడా ఉండుడా, నువ్వే చూసుకో.

మీ అన్న
సాయిలు