నోటికి అడ్డంగా అట్టముక్క

అయ్యా,

బడిలో చెవుడున్న పిల్లలకు మాటలు నేర్పే నా భార్య పోయిన రోజు మధ్యాహ్నం, ఆమె దగ్గర శిక్షణ పొందుతున్న అమ్మాయి ఒక పాపను మా ఇంటికి తీసుకొచ్చి, మంచం పక్కనే పాఠం చెప్పింది. పాప పెదాలు చూసి కాక, చెవితో విని పలకాలని, ఎవరూ గుర్తు చేయకుండానే ఆ అమ్మాయి అట్టముక్క తన నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మయ్య! ఏడాదిగా నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను కదే. ఇక నీకు నేనక్కర్లేదు" అని నా భార్య ఆ అమ్మాయిని చూసి నవ్వింది. సాయంత్రానికి లేదు.

పర్యవేక్షకురాలైన నా భార్య సంతకం లేనిదే ఆ అమ్మాయికి సర్టిఫికెట్ రాదని మీరన్నారు. నిబంధన తప్పని నేననను. మరో నిపుణురాలి ఎదుట ఆ పాఠం మళ్లీ చెప్పించండి. సర్టిఫికెట్ లేనిదే బడి ఆ అమ్మాయిని తీసుకోదు. ఆ పిల్లలకు ఇప్పుడెవరూ లేరు.

రేపు ఉదయం ఆ అమ్మాయినీ, ఆ అట్టముక్కనూ మీ ఆఫీసుకు తీసుకొస్తాను.