మూడో అద్దం మీద ముద్ర

పార్కుల అధికారి గారికి అద్దాల ఇంటి కాపలాదారు నమస్కరించి రాసుకునేది.

ఆదివారం మీరు మా అద్దాల ఇంట్లో దారి దొరక్క నలభై నిమిషాలు తిరిగారనీ, పిల్లలకిది ప్రమాదమనీ, వెంటనే తాళం వేయాలనీ మీ నోటీసు అందింది.

అయ్యా, చిన్న నోటితో పెద్ద మాట అనుకోకండి. పదకొండేళ్ళుగా ఆ గుమ్మం దగ్గరే కూర్చుంటున్నాను. ఇందులో పిల్లలెవరూ తప్పిపోరు. వాళ్ళు నేల చూసి నడుస్తారు, అద్దం ఉన్నచోట గచ్చు మీద సన్నటి గాడి కనిపిస్తుంది. పెద్దవాళ్ళే తమ మొహం చూసుకుంటూ పోయి గుద్దుకుంటారు. మూడో అద్దం మీద మీ నుదుటి ముద్ర ఇంకా ఉంది. తుడవడానికి మనసు రాలేదు.

ఇక, ఎవరికీ చెప్పనని మాటిచ్చిన సంగతొకటి చెప్పక తప్పట్లేదు. మీరిద్దరూ లోపలికెళ్ళిన రెండో నిమిషానికే మీ అమ్మాయి దారి కనుక్కుని బయటికొచ్చింది.

"నాన్నకి దారి తెలీట్లేదు తాతా!" అంది.

"నేను వెళ్ళి తీసుకురానా అమ్మా?"

"వద్దొద్దు! ఫోన్ జేబులో పెట్టేసి, నన్ను పిలుస్తూ నవ్వుతూ తిరుగుతున్నాడు. నేను మళ్ళీ వెళ్ళి దొరుకుతా. ఎవరికీ చెప్పకు."

నా సీసాలో నీళ్ళు గటగటా తాగి లోపలికి పరిగెత్తింది. అలా మూడుసార్లు వచ్చి వెళ్ళింది.

మీరు నుదురు రుద్దుకుంటూ కారెక్కుతుంటే వెనక్కి తిరిగి, "వచ్చే ఆదివారం కూడా తెరిచి ఉంటుందా తాతా?" అని అరిచింది. ఉంటుందమ్మా అన్నాను.

ఆ పిల్లకిచ్చిన మాటల్లో ఒకటి ఈ ఉత్తరంతో పోయింది. రెండోది మీ చేతిలో ఉంది.

ఇట్లు,
తాళంచెవి ఇంకా జేబులోనే ఉంచుకున్న
కాపలాదారు