బొట్టు లేని నుదురు

హెబ్బగోడి, బెంగళూరు

ఈశ్వరక్క పాదాలకు నీ చెల్లెలు రమణమ్మ మొక్కి రాసేది. స్వామి దయ వల్ల మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నాయి? బావ వేళకు తింటున్నాడా? ఫోన్లో అయితే మీ పక్కింట్లో ఉండే మా అత్తమ్మ వింటుందని ఈ ఉత్తరం. చదివి నీ దగ్గరే పెట్టుకో.

ఇక్కడ ఒకటే ముసురు. ఆడపిల్లల హాస్టల్లో వంట పని బాగానే సాగుతోంది. ఇక్కడివాళ్ళలా సాంబారులో బెల్లం వేయడానికి మాత్రం ఇంకా చెయ్యి రావడం లేదు.

అసలు సంగతి చెబుతాను, నువ్వు భయపడకు. నేను పడే భయం చాలు. బొట్టు పెట్టుకునే చోట నల్లటి మచ్చ పడిందని చెప్పాను కదా. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చాడు. మొదట తెల్లబడింది, అమ్మవారి చలవ అనుకున్నాను. తర్వాత తోలు పలచబడి, మచ్చ ముందుకంటే నల్లగా తిరిగొచ్చింది. పొయ్యి దగ్గర నిలబడితే కారం పూసినట్టు మంట.

చర్మం డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి తల పట్టుకుంది. "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా, ఇక ముట్టుకోవద్దు. మన రంగు చర్మం కాలినా, రుద్దినా ఇంకా నల్లబడుతుంది. నిమ్మరసం, బ్లీచింగ్ ఏదీ వద్దు. నేనిచ్చేదే రాసుకో, బయటికి పోతే ఎండ తగలకుండా ఈ క్రీము. నిదానంగా తగ్గుతుంది" అంది. అంతవరకు బాగుంది. చివర్లో, "కుంకుమ బేడ అమ్మా, స్టిక్కరూ బేడ. ఆ మచ్చ తెచ్చిందే అవి" అంది. బేడ అంటే కన్నడంలో వద్దని. ఆయన ఉండగా బొట్టు లేకుండా ఎట్లా ఉండేదక్కా?

ఆయన పని నీకు తెలుసు కదా. ఆనేకల్ దగ్గర పెద్ద కట్టడం చుట్టూ, అంత ఎత్తున, ఇనుప పైపులు బిగిస్తున్నారు. చెబితే నవ్వారు. "పైన నేను పట్టుకునేది పైపుని, నీ బొట్టుని కాదే పిచ్చిదానా" అన్నారు. అట్లాంటి మాటలు వద్దని చెవులు మూసుకున్నాను.

సోమవారం నుంచి ఉత్త నుదుటితో ఉన్నాను. అమ్మవారి పటానికి రెండు బొట్లు పెడుతున్నాను, ఒకటి ఆమెది, ఒకటి నాది. ఆయన పనికి బయల్దేరేటప్పుడు ఎదురు పడకుండా తలుపు వెనక నిలబడుతున్నాను.

మీ కోడలికి బుగ్గల మీద మంగు వచ్చిందన్నావు. అంగడిలో ఏ ట్యూబూ కొనొద్దని, డాక్టరుకే చూపించమని చెప్పు.

అమ్మ పోయాక నాకు అమ్మవు నువ్వే. "కొన్నాళ్ళు పెట్టుకోకపోయినా ఏమీ కాదు" అని నీ చేత్తో ఒక్క ముక్క రాసి పంపక్కా. అదే నాకు ఆశీర్వాదం. బావకు, పెద్దమ్మకు నా దండాలు. అత్తమ్మకు మాత్రం చెప్పొద్దు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఈ రోజుకు ఆయన ఇంటికి చేరారు.

నీ మాట కోసం కాచుకుని ఉండే చెల్లెలు,
రమణమ్మ