పసుపు బొట్టు ఏ కొసకు

మట్టెవాడ, వరంగల్
జూన్ 9

ఒకప్పుడు నా ప్రాణమైన తిరుమలకు,

నీ నంబర్ బ్లాక్ చేసిన. ఫోన్ల మాట్లాడితే ఏడుపొస్తది, నా ఏడుపు వినే హక్కు నీకు లేదు. అందుకే రాస్తున్న.

రాజేశ్వర్ రావు సార్ నన్ను ప్రాజెక్టుల నుంచి తీసేసి ఇయ్యాళ్టికి నలభై రోజులు. నాలుగేండ్ల పీహెచ్‌డీ మన్నుల కలిసింది. మా బాపు దుకాణంల కూసుంటున్న. వచ్చినోళ్లంతా "హిమాలయాలకెళ్లి ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అని అడుగుతాండ్రు. ఏం చెప్పాలె?

ఆ కొండల నడుమ చెరువు యాదికున్నదా? చేతులు కొంకర్లు పోతుంటే తెప్ప మీద నిలబడి మూడు పైపులు అడుగు మట్టిలకు దించి, నిండిన మట్టితోని పైకి గుంజినం. ఏటేటా సన్న ఒండ్రు పలచగ పేరుకుంటది. భూకంపమొస్తే ఒడ్డు జారి చెరువంతా కలకబారుతది. ముందుగాల బరువైన ఇసుక దిగుతది, దాని మీద సన్న మన్ను దిగుతది. అట్లాంటి పొరలు ఎన్నుంటే అన్ని భూకంపాలు. ఎవ్వరూ రాసిపెట్టని వెయ్యేండ్ల ముచ్చట ఆ బురదలున్నది. పై కొస ఏదో తెలిస్తేనే అది చదవొస్తది. అందుకే పై కొసకు స్టిక్కర్ అంటించే పని సార్ నాకిచ్చిండు. దించేముందు పసుపు బొట్టు కూడ పెట్టిన. నువ్వు నవ్వినవ్.

మూడో పైపు కోయకముందే రెండు కొసల మట్టి తీసి వయసు పరీక్షకు పంపిండ్రు. పైది పాతది, కిందిది కొత్తది అని వచ్చింది. కోసి చూస్తే ఇసుక మీదికి, సన్న మన్ను కిందికి. పైపు తలకిందులు. సార్ అందరి ముందట అడిగితే నువ్వేమన్నవ్? "స్టిక్కర్ అంటించేది యమునే సార్." అంతే. నేను సరిగనే అంటించిన, అది నీకూ తెలుసు. ఒక్క కంచంల తిన్నం గదనే. రీసెర్చ్ పేపర్ల నీ పేరు ముందుకు రావాలని నా గొంతు కోస్తవా?

నువ్వు బాగుపడవు.

యమున

తొర్రూరు
జూన్ 17

యమునా,

తిట్టు, పడ్త. కొండ దిగేటప్పుడు మంచు తడికి మూడో పైపు స్టిక్కర్ ఊడిపోయింది. ఆ రాత్రి నువ్వు జ్వరంతోని టెంట్ల పడుకున్నవ్. తెల్ల పైపు మీద పసుపు మరక ఒక్కటే మిగిలింది. మా నాయిన ఉప్పలయ్య ఏరువాకనాడు నాగలికి బొట్టు పెడితే కర్రుకే పెడ్తడు, భూమిల దిగే కొసకు. పైపూ మట్టిల దిగేదే గదా. మరక ఉన్నది కింది కొస అనుకొని, రెండో కొసకు కొత్త స్టిక్కర్ నేనే అంటించిన.

సార్ అడిగిన్నాడు నన్ను తీసేస్తడని నీ పేరు చెప్పిన. మా ఇంట్ల ఇంత దాక చదివింది నేనొక్కదాన్నే. నీకు దుకాణమన్న ఉన్నది అనుకున్న. పాడు బుద్ధి. నిన్న సార్‌కు అంతా రాసిచ్చిన.

తిరుమల

మట్టెవాడ
జూన్ 25

తిరుమలా,

సార్ నన్ను మళ్ల తీసుకున్నడు. నిన్ను తీసేస్తనన్నడు. నేనే వద్దన్న, నీ మీద ప్రేమతోని కాదు. మా దుకాణంల పొద్దుగాల తూకమేసే తరాజుకు బొట్టు పెడితే పైన, చెయ్యి పట్టే కాడ పెడ్తరు. పైపుకూ అట్లనే పెట్టిన, ఎవ్వరికీ చెప్పలే. తప్పుల నా పాలు అంతే. నోరు మూసుకున్నది మాత్రం నీ పాలు. "దుకాణమన్న ఉన్నది" అనుకున్నవ్ చూడు, అది నేను సచ్చేదాక మర్చిపోను.

సెప్టెంబర్ల నాలుగో పైపుకు పోవాలె, తెప్ప మీద మనిద్దరమే. ఈసారి బొట్టు కర్రుకే, మీ నాయిన పెట్టినట్టు. నువ్వే పెట్టు. "బొట్టు కింది కొసకు" అని నోటుబుక్కుల నేను రాస్త, కింద నువ్వు సంతకం పెట్టు. అంతకు మించి నాతోని మాట్లాడకు.

నీతోటి పనిచేసే,
యమున