ఏడో పొట్లం

సుంగై సిపుట్,
మార్చి 9

మా చిన్నోడు జగదీష్‌కి, అన్న కాంతయ్య కోపంగానే, ప్రేమగానే రాసేది.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నీకు రాయడం దండగని రెండు రోజులు తిరిగాను. ఫోన్లో తిడదామంటే నాకు రెండో తిట్టు దొరికేలోపు నువ్వు ఏడుస్తావు. కాగితం ఏడవదు. అందుకని షాపు షట్టరు సగం దించి కూర్చున్నాను. బైకుల గ్రీజు అంటుకుంటే సర్దుకుని చదువుకో.

అమ్మ పోయి నలభై రోజులు. అస్థికలు పోసిన కుండ బీటవేస్తే, పాలల్లో కలుపుకునే మైలో పొడి ఖాళీ డబ్బాలోకి మార్చి రాములవారి మందిరం అలమరలో పెట్టాను. కాఫీ తప్ప ఇంకోటి ముట్టని మనిషి చివరికి మైలో డబ్బాలో చేరింది. తల్లికి చిన్నకొడుకే చెయ్యాలి కదా. నువ్వు లేవని చితికి నేనే నిప్పుపెట్టాను. కానీ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "సముద్రంలో మాత్రం సిన్నోడే కలపాల్రా, నువ్వు సేసీకు" అంది.

ఇది చెబితే నువ్వేమన్నావు? న్యూజీలాండు వాళ్ళు శాశ్వతంగా ఉండనిచ్చారు, ఇక భయం లేదు, మలేషియా పాస్‌పోర్టు కొత్తది తీసుకుని వచ్చేస్తాను, నా పుట్టిన సర్టిఫికెట్టు పంపు అన్నావు. పంపేవాణ్ణే. కవరు అంటించబోతున్నాను కూడా. ఆ మధ్యాహ్నమే నీ కూతురు భారతి నా ఫోనుకి ఫొటోలు పంపింది. ఆశ్రయం కోసం నువ్వు అక్కడ ఇచ్చుకున్న కాగితాలు. నాలుగో పేజీలో ఎర్రగా సున్నా చుట్టి, పెదనాన్నా ఇది నిజమా అని అడిగింది.

నేను బడికి పోయింది రెండేళ్ళే. తెలుగు పాత పంచాంగాలు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు టైర్ల మీద చదివి నేర్చుకున్నాను. ఆ చదువుకే అర్థమైంది. "నేను దాక్కున్న చోటు మా అన్న కాంతయ్యే కంపెనీవాళ్ళకి చెప్పాడు. వెనక్కి వెళితే మళ్ళీ పట్టిస్తాడు."

ఒరే, ఎస్టేటు కూలీల లయన్ ఇళ్ళు కూల్చడానికి బుల్డోజర్లొస్తే అడ్డంగా పడుకున్నది నువ్వు. కంపెనీ రౌడీలు కత్తులు పట్టుకుని నీకోసం తిరుగుతుంటే, మందిరం వెనక మద్దెల గదిలో పదకొండు రోజులు దాచిపెట్టింది నేను. నువ్వు సింగపూరు పోయావని ఊరంతా నమ్మించింది మీ వదిన కన్నమ్మ. దానికి నువ్విచ్చిన బహుమానం ఇదా?

ఇప్పటికీ శనివారం భజనయ్యాక మైకులో ఇంటింటి పేర్లు చదివేది నేనే. ఊళ్ళో ఉన్నవాళ్ళకి తలో శనగల పొట్లం, దూరానున్నవాళ్ళకి పేరు చదవడం వరకే. ఆ పద్ధతి నువ్వు మర్చిపోయి ఉంటావు. తొమ్మిదేళ్ళుగా ఒక్క వారమైనా నీ పేరు తప్పించలేదు. పట్టించినవాడు చేసే పనేనా అది?

సర్టిఫికెట్టు పంపను. వకీలు గుమాస్తా ఇళంగోవన్‌ని అడిగాను. ప్రాణభయమని పారిపోయినవాడు సొంత దేశం పాస్‌పోర్టు తీసుకుని సొంత ఊరికే వచ్చాడంటే, అంతా అబద్ధమని ఇచ్చింది వెనక్కి లాక్కోవచ్చన్నాడు. నీతోపాటు భారతిది కూడా. అక్కడివాళ్ళు అడిగితే ఏం చెబుతావు? మా అన్న పులి అని రాశాను గానీ, ఆ పులి ఇంట్లోనే పడుకుని, పులి పెళ్ళాం వండిన చేపల పులుసు తినొచ్చానంటావా?

రావద్దు.

నువ్వు పులిని చేసిన
కాంతయ్య

* * *

సుంగై సిపుట్,
మార్చి 27

చిన్నోడా,

ఉత్తరం అందిన రోజే ఫోను చేశావు. అనుకున్నట్టే ఏడ్చావు. "ఏటి సేయమంటావన్నా? ఎవులు పట్టించినారో ఒక పేరు సెప్పాలన్నారు. నీ పేరే ముందు నోటికొచ్చినాది. అబద్ధమే. వచ్చి నీ కాళ్ళమీద పడతాను" అన్నావు. నేను ఫోను పెట్టేశాను. కోపమనుకుని ఉంటావు. కోపమే. నీమీద కాదు.

నువ్వు రాసింది అబద్ధం కాదు.

నువ్వు మద్దెల గదిలో ఉన్న పదో రోజు శనివారం. నేను పేర్లు చదువుతున్నాను. అమ్మకీ మాకూ పిల్లలకీ కలిపి మన ఇంటికి ఆరు పొట్లాలు రావాలి. నీది ఏడోది, నువ్వు సింగపూరులో ఉన్నట్టు కదా, అది ఇవ్వకూడదు. కానీ చేతికి ఏళ్ళ తరబడి అలవాటు. పళ్ళెంలో ఏడు పెట్టాను. పెట్టి ఊరుకోలేదు, "కాంతయ్య ఇంటికి ఏడు" అని మైకులో చెప్పాను కూడా. అమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. వెనక వరసలో కంపెనీ మేస్త్రీ ప్రేమ్‌నాథ్ కూర్చున్నాడు. జీవితమంతా చెట్లు లెక్కపెట్టినవాడు, పొట్లాలు లెక్కపెట్టలేడా? తెల్లారేసరికి వచ్చారు. వెనక కిటికీ దూకి, ఆయిల్‌పామ్ తోటలో పడి, చెవి సగం తెగి నువ్వు పారిపోయావు.

అమ్మ ఎవరికీ చెప్పలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తొమ్మిదేళ్ళు ఆవిడ అనని ఆ మాటతోనే బతికాను. నాలుగో పేజీ చూసినప్పుడు, వీడికెలా తెలిసిందిరా అనుకున్నాను. అందుకే నిన్ను అంతగా అరిచాను. తప్పు చేసినవాడి గొంతు పెద్దది.

కాబట్టి నా కాళ్ళ మీద పడకు, చూడలేను. భారతికి నిజమే రాశాను, రెండు వాక్యాలు. జవాబు ఇంకా రాలేదు.

అమ్మని ఇలా చేద్దాం. అక్కడివాళ్ళు నీకిచ్చిన ప్రయాణపు పుస్తకం మలేషియాకి చెల్లదు గానీ థాయిలాండుకి చెల్లుతుందట. ఇళంగోవన్ చెప్పాడు, నువ్వు అక్కడ ఇంకోసారి అడిగి చూసుకో. వచ్చే నెల పన్నెండున హాట్‌యాయ్ రా. నేనూ మీ వదినా డబ్బా పట్టుకుని బస్సులో వస్తాం. అక్కణ్ణుంచి సముద్రం గంట దూరం. నువ్వే కలపాలి. నీ ఎదట నిలబడాలంటే నాకు భయమే, అయినా వస్తాను. ఇక్కడికి మాత్రం రాకు. సర్టిఫికెట్టు చింపేశాను. కొత్తది తీయించుకోవచ్చని నాకూ తెలుసు, అయినా చింపాను.

నిన్న శనివారం. భజనయ్యాక పేర్లు చదివాను. నీ పేరు చదివాను. అమ్మ లేదు, పిల్లలు ఊళ్ళో లేరు; నాకూ మీ వదినకీ, లెక్కపెట్టి, మన ఇంటికి రెండు పొట్లాలే తెచ్చుకున్నాను.

నీ అన్న
కాంతయ్య